పది టన్నుల చైను బండి మంచులో దిగబడదు, మనిషి దిగబడతాడు: ఎందుకు?

సీతమ్మధార సుబ్బు
పోయిన చలికాలం కుటుంబంతో గుల్మార్గ్ వెళ్లాం. తొక్కి గట్టిపడిన బాట వదిలి రెండడుగులు పక్కకు వేశానో లేదో, మోకాలి దాకా దిగిపోయాను. కాలు పైకి వచ్చింది, బూటు రాలేదు. అంతలో మంచు చదును చేసే చైను బండి ఒకటి, పది టన్నులు ఉంటుందన్నారు, నా పక్కనుంచే నింపాదిగా వెళ్లిపోయింది. బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుందని బడిలో చదివాను. అయినా కళ్లారా చూశాక నమ్మబుద్ధి కాలేదు. చైను బండ్లతో పని చేసినవారు చెప్పండి. మన విశాఖలో మంచెక్కడిది అనకండి, లంబసింగి చలికే స్వెట్టర్లు దులిపే జనం మనం.

గాజువాక ప్రొక్లెయిన్
మంచు చూడలేదు కానీ బురద చాలా చూశాను, సుబ్బు గారూ. ఇరవై టన్నుల ప్రొక్లెయిన్‌కు చైను పలకలు సాధారణంగా 60 సెంటీమీటర్ల వెడల్పు. రెండు చైన్లూ కలిపి చూస్తే చదరపు సెంటీమీటరుకు అర కిలో కూడా పడదు. ఆ లెక్క నమ్ముకునే ఒకసారి ఉప్పుటేరు పక్కన చిత్తడిలోకి దిగాను. నడిచినంతసేపూ బాగానే ఉంది. బకెట్ నిండా మట్టి ఎత్తి చేయి ముందుకు చాపగానే బరువంతా చైను ముందు భాగం మీదికి వచ్చి, ముక్కు దిగబడింది. తాటి దుంగలు పరిచి పైకి తేవడానికి సాయంత్రమైంది. పలక వెడల్పుతోనే పని అయిపోదు, బరువు ఎటు మొగ్గిందో కూడా చూడాలి.

మధురవాడ మాస్టారు
ప్రొక్లెయిన్ గారు అసలు సంగతి పట్టుకున్నారు. మనం వేసేది సగటు లెక్క. చైను గట్టి పలక కాదు, గొలుసు. చైను లోపల దొర్లే చక్రం కింద ఒత్తిడి ఎక్కువ, రెండు చక్రాల మధ్య తక్కువ. అందుకే చక్రాలు ఎక్కువగా, దగ్గర దగ్గరగా ఉంటే మేలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు టైగర్ ట్యాంకుకు చక్రాలను ఒకదానిపై ఒకటి అతికినట్టు అమర్చారు. బరువు చక్కగా పరుచుకుంది. కానీ రష్యా చలిలో చక్రాల మధ్య బురద గడ్డకట్టి బండి కదలక మొరాయించేది! రష్యన్ల టీ-34 చైను అర మీటరుకు తక్కువ కాని వెడల్పు. జర్మన్ల నాలుగో రకం పాంజర్‌కు మొదట్లో 40 సెంటీమీటర్ల దరిదాపే. తర్వాత వారూ చలికాలానికి వెడల్పు చైన్లు చేయించుకున్నారు.

ఇక సుబ్బు గారి సంగతి. 75 కిలోల మనిషి ఒంటికాలి మీద, బూటు అడుగు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు ఒత్తిడి 375 గ్రాములు. మంచు బండి చైన్లు చెరి ఒకటిన్నర మీటరు వెడల్పు, నేలను తాకే పొడవు నాలుగు మీటర్లు అనుకుంటే వంద గ్రాములు కూడా రాదు. మీరే భారీ వాహనం!

జాలరిపేట కుర్రాడు
మాస్టారూ, ఇసుకలో కూరుకుపోయిన జీపు టైర్లలో గాలి తగ్గిస్తాం కదా, ఇదీ అదేనా?

మధురవాడ మాస్టారు
సూత్రం అదే. తేడా ఒకటుంది నాయనా. పొడి ఇసుకను ఎంత తొక్కినా రేణువులు విడివిడిగానే ఉంటాయి. నొక్కిన మంచులో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, గంటలు గడిచేకొద్దీ గట్టిపడతాయి.

మంచుదారి
ఒక వేసవి అంటార్కిటికాలో మన దేశ పరిశోధన కేంద్రం మైత్రిలో పని చేశాను. అక్కడి వేసవి అంటే మన డిసెంబరు, జనవరి. సామాన్లు స్లెడ్జీల మీద వేసి పిస్టెన్ బుల్లీలనే మంచు చైను బండ్లతో లాగించేవారు. మాస్టారు చెప్పినట్టు నిన్నటి చాళ్లు ఈరోజు రోడ్డులా ఉండేవి. కొత్తగా కురిసిన మంచులో మాత్రం ముందు బండి మెల్లగా నొక్కుకుంటూ వెళితే వెనకవి ఆ చాలులోనే నడిచేవి. ఉన్నచోట గిరుక్కున తిప్పితే పైపొర చిరిగి చైను తనకు తానే గొయ్యి తవ్వుకుంటుంది. అందుకే మలుపు ఎప్పుడూ పెద్దదిగా తీసుకోవాలి.

మరో మాట. మంచు పగుళ్ల మీద పైపొర వంతెనలా కప్పుకుని ఉంటుంది. అక్కడ ఒత్తిడి తక్కువ కదా అన్న ధీమా పనికిరాదు. బండి మొత్తం బరువునూ ఆ వంతెనే మోయాలి. 1957-58లో బ్రిటన్ అన్వేషకుడు ఫుక్స్ బృందం అంటార్కిటికాను అడ్డంగా దాటినప్పుడు, నాలుగు చైన్ల స్నో-క్యాట్ బండ్లు అలాంటి పగుళ్ల మీద ఇరుక్కుని వేలాడాయి.

గాజువాక ప్రొక్లెయిన్
గిరుక్కున తిప్పితే మాకు చైనే ఊడుతుంది. సుబ్బు గారూ, ఇంతకీ బూటు దొరికిందా?

సీతమ్మధార సుబ్బు
దొరికింది. ఆ బండి డ్రైవరే ఆగి, దిగి, పారతో తవ్వి తీసిచ్చాడు. దిగినవాడు తొడ దాకా కూరుకుపోయాడు.