ఉబుంటులో కేడీఈ తీసేయడానికి ఆటోరిమూవ్ సరిపోతుందా, ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

కొత్తపెన్సిల్:
అందరికీ నమస్కారం. ఉబుంటు 24.04 లైనక్స్‌ని గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌తో వాడుతున్నాను. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో చూద్దామని కుబుంటు-డెస్క్‌టాప్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాను. నాకు కుదరలేదు. ఇప్పుడు ప్యాకేజీలు ఎక్కించే, తీసే ఆప్ట్ కమాండ్‌తో ఆప్ట్ రిమూవ్ కుబుంటు-డెస్క్‌టాప్ అని కొడితే ఆ ఒక్కటీ పోయింది, కొన్ని కేబీలు ఖాళీ అయ్యాయి. ఇక అవసరం లేనివాటిని తీసేసే ఆటోరిమూవ్ కొట్టినా పెద్దగా ఏమీ కదల్లేదు. మెనూలో డాల్ఫిన్, కేట్, కాన్సోల్ లాంటి కేడీఈ ప్రోగ్రాంలన్నీ ఉన్నాయి. లాగిన్ స్క్రీన్ కేడీఈతో వచ్చిన ఎస్‌డీడీఎం, బూట్ అయ్యేటప్పుడు కుబుంటు లోగో. మొత్తం పోవాలంటే దారేంటి?

ల్యాబ్ మాస్టారు:
హోమ్ ఫోల్డర్ బ్యాకప్ తీసుకుని ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసుకోండి. గంట పని. రెండు డెస్క్‌టాప్‌లు కలిసిపోయాక విడదీయడం అంటే వారం రోజుల తలనొప్పి.

వేరుశోధన:
మాస్టారూ, మొదటి జవాబే ఫార్మాటా?

తమ్ముడూ, నీకు జరిగింది ఇదీ. కుబుంటు-డెస్క్‌టాప్ ఒక మెటాప్యాకేజీ. దానిలో ప్రోగ్రాం ఏమీ ఉండదు, మిగతావాటిని లాక్కొచ్చే జాబితా మాత్రమే ఉంటుంది. ఆప్ట్ సెట్టింగుల్లో 01ఆటోరిమూవ్ అనే ఫైల్ ఉంది చూడు. మెటాప్యాకేజీలు లాక్కొచ్చినవాటిని ఆటోమేటిక్‌గా వచ్చినవిగా గుర్తించొద్దని అందులో రాసి ఉంటుంది. అందుకే డాల్ఫిన్, కేట్ నువ్వు కోరి పెట్టుకున్నవాటి కింద లెక్క, ఆటోరిమూవ్ వాటిని ముట్టుకోదు. దీనికి కారణం ఉంది. మెటాప్యాకేజీలో ఉన్న ఒక్క ఆట నచ్చక తీసేస్తే దానితోపాటు మెటాప్యాకేజీ కూడా పోతుంది. ఆ తర్వాత ఆటోరిమూవ్ డెస్క్‌టాప్ మొత్తాన్ని ఊడ్చేయకూడదు కదా.

వర్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ.లాగ్ తెరువు. నువ్వు కేడీఈ ఎక్కించిన రోజు ఏమేం వచ్చాయో పేరుపేరునా ఉంటుంది. పాతదైతే పక్కనే జీజెడ్ ఫైళ్లలో దొరుకుతుంది. ఆ పేర్లే తీసుకుని, ప్యాకేజీని దాని సిస్టమ్ సెట్టింగులతో సహా తీసేసే ఆప్ట్ పర్జ్‌కి ఇవ్వు. కానీ ముందు మైనస్ ఎస్ పెట్టి నడుపు. అప్పుడు ఏదీ తీయదు, ఏమేం పోతాయో చూపిస్తుంది అంతే.

నల్లతెర:
డిస్కులో చోటుంటే వదిలేయండి బ్రదర్. లాగిన్ దగ్గర సెషన్ మెనూలో ఉబుంటు ఎంచుకుంటే సరి.

ఆర్చ్ అభిమాని:
మా ఆర్చ్ లైనక్స్‌లో ఆప్ట్ బదులు ఉండే ప్యాక్‌మ్యాన్‌లో ఆర్‌ఎన్‌ఎస్ అని ఒక్క ముక్క కొడితే పోయేది. ఫెడోరా వాళ్లకైతే డీఎన్‌ఎఫ్ హిస్టరీ అన్‌డూ ఉంది.

ల్యాబ్ మాస్టారు:
వేరుశోధన గారూ, పర్జ్ అంటే అంతా పోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ప్యాకేజీతోపాటు పర్జ్ చెరిపేది ఈటీసీ ఫోల్డర్ లాంటి చోట్ల ఉన్న సిస్టమ్ సెట్టింగులనే, హోమ్ ఫోల్డర్ జోలికి వెళ్లదు. కేడీఈ అక్కడ చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్‌లో జీటీకే-3.0 ఫోల్డర్‌లో రంగుల ఫైళ్లు రాసి పెడుతుంది. కేడీఈ పోయాక కూడా గ్నోమ్ అప్లికేషన్లకు ఆ రంగులే అంటుకుని ఉంటాయి. దానికేమంటారు?

వేరుశోధన:
మీరు హోమ్ బ్యాకప్ తీసి, ఫార్మాట్ కొట్టి, అదే హోమ్ తిరిగి పెడితే ఆ ఫైళ్లూ తిరిగి వస్తాయి కదా సార్! మీ దారిలో కూడా ఆ సమస్య పోదు.

ల్యాబ్ మాస్టారు:
డాక్యుమెంట్లు, ఫోటోలు తీసుకోమంటాను. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు తీసుకోమనను.

వేరుశోధన:
మీరు "హోమ్ ఫోల్డర్ బ్యాకప్" అన్నారు. పైన ఉంది చూసుకోండి.

ల్యాబ్ మాస్టారు:
మాటలు పట్టుకుని లాభం లేదు. మా కాలేజీ ల్యాబ్‌లో జరిగింది చెబుతా. ప్రాక్టికల్ పరీక్షలకు ముందు రోజు ఒక కుర్రాడు సిస్టమ్ తేలికవుతుందని గ్నోమ్ తీసేశాడు. పోయే ప్యాకేజీల జాబితా స్క్రీన్ నిండా వచ్చింది, చదవకుండా వై నొక్కాడు. నెట్‌వర్క్ మేనేజర్ కూడా అందులోనే ఉంది. రీబూట్ చేస్తే నల్ల స్క్రీన్, వైఫై లేదు. వైఫై లేకపోతే ఆప్ట్ ఏం తెస్తుంది? ఆ రాత్రి కూర్చున్నది నేను.

వేరుశోధన:
అది జాబితా చదవకపోవడం వల్ల వచ్చింది. పక్క సిస్టమ్‌లో ఆ ప్యాకేజీల డెబ్ ఫైళ్లు దింపి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి డీపీకేజీ (dpkg) కమాండ్‌తో ఎక్కించొచ్చు.

ల్యాబ్ మాస్టారు:
కొత్తవాళ్లే చదవరనుకోకండి. 2021 నవంబర్‌లో యూట్యూబ్‌లో టెక్ వీడియోలు చేసే లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లైనక్స్‌లో స్టీమ్ అనే గేమ్స్ ప్రోగ్రాం ఎక్కించబోతే డెస్క్‌టాప్ మొత్తం పోయింది. ఆప్ట్ హెచ్చరించింది. "అవును, నేను చెప్పినట్టే చెయ్" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో టైప్ చేయమంది. చేశాడు. కంప్యూటర్లే వృత్తిగా ఉన్నవాడి సంగతే అది.

వేరుశోధన:
అది ప్యాకేజీల డిపెండెన్సీలో తప్పు. స్టీమ్ కావాలన్నవాడికి డెస్క్‌టాప్ తీసేస్తానంది. ఆ తర్వాత ఆప్ట్‌నే మార్చారు, ముఖ్యమైన ప్యాకేజీలు తీసే దారిలోకి అది తనంతట తాను వెళ్లదు. దీనికీ తమ్ముడి ప్రశ్నకూ సంబంధం లేదు.

అక్షరవాణి:
నేను అనువాదాలు చేస్తాను, రోజంతా తెలుగు టైపింగే. గ్నోమ్ తీసేయడానికి నెట్‌లో దొరికిన పొడవాటి కమాండ్ కాపీ చేశాను. అందులో వేర్వేరు భాషల టైపింగ్ నడిపే ఐబస్ పేరు కూడా ఉంది. తెలుగు టైపింగ్ పద్ధతులు అందించే ఐబస్-ఎం17ఎన్ దాని మీద ఆధారపడింది కాబట్టి అదీ పోయింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ టైపింగ్ ఆగిపోయింది, మర్నాడు ఇవ్వాల్సిన పని ఆగిపోయింది. ఎవరి సిస్టమ్‌లోనో తయారైన జాబితా మన సిస్టమ్‌లో వాడొద్దండీ.

వేరుశోధన:
అక్కా, అందుకే సొంత హిస్టరీ.లాగ్ చూడమంటున్నా.

మాస్టారూ, నాకు కోపం ఎందుకొస్తుందో చెప్తాను. మా ఊళ్లో కంప్యూటర్ షాపుకి ఏ సమస్యతో వెళ్లినా "ఫార్మాట్ కొట్టాలి" అనేవాళ్లు. అలాగే కొట్టేశారు, మా అమ్మ ఫోటోలు పోయాయి. ఆమె ఇప్పుడు లేదు. ఏం జరిగిందో కనుక్కోవచ్చు, ఒక్కొక్కటే సరిచేసుకోవచ్చు అని తెలిశాకే లైనక్స్‌కి వచ్చాను. లోపల ఏముందో చూడకుండా తుడిచేయమని మీరు ఇక్కడ కూడా నేర్పిస్తుంటే చూస్తూ ఊరుకోలేను. ఒక పంతులు చెప్పాల్సిన మాటేనా అది?

ల్యాబ్ మాస్టారు:
ఫోటోల సంగతి చదివి బాధ కలిగింది. కానీ పంతులు అన్నారు కాబట్టి చెబుతున్నా. మీ కమాండ్ కొట్టాక రాత్రి పదకొండింటికి స్క్రీన్ నల్లబడితే ఆ పిల్లవాడి పక్కన మీరుండరు. నేనుంటాను. మా ల్యాబ్‌కి వేరే మనిషి లేడు. బ్యాకప్ చేతిలో పెట్టుకుని ఫ్రెష్‌గా ఎక్కించిన సిస్టమ్‌లో ఏముందో నాకు తెలుసు. సగం తీసి సగం ఉంచిన సిస్టమ్‌కి నేను పూచీ పడలేను. నేర్చుకోవద్దని ఎప్పుడూ అనలేదు. రేపు పరీక్ష ఉన్న సిస్టమ్ మీద వద్దంటాను.

వేరుశోధన:
తమ్ముడిది సొంత ల్యాప్‌టాప్ సార్. ల్యాబ్ సిస్టమ్ కాదు.

ల్యాబ్ మాస్టారు:
ఆ మాట అతను చెప్పాలి.

కొత్తపెన్సిల్:
సొంతదే సార్, పరీక్షలు కూడా లేవు. ఫోటోలు బయటి డిస్కులోకి ఎక్కించుకుని మొదలుపెట్టాను. హిస్టరీ.లాగ్‌లో పేర్లు దొరికాయి. మైనస్ ఎస్ పెట్టి చూస్తే తీసేవాటిలో గ్నోమ్‌వి ఏవీ లేవు. ముందు డీపీకేజీ-రీకాన్ఫిగర్ జీడీఎం3 కొట్టి లాగిన్‌ని గ్నోమ్ వాడే జీడీఎంకి మార్చి, ఆ తర్వాత పర్జ్ చేశాను. బూట్ లోగో చూపించే ప్లిమత్‌కి ఉన్న కుబుంటు థీమ్ తీసి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అప్‌డేట్ చేస్తే లోగో కూడా పోయింది. ఒక్కటి మిగిలింది. కొన్ని కిటికీల రంగులు ఇంకా కేడీఈలాగే ఉన్నాయి.

వేరుశోధన:
ఏదో థీమ్ ప్యాకేజీ మిగిలిపోయి ఉంటుంది. కేడీఈ థీమ్ బ్రీజ్ పేరుతో వెతుకు.

ల్యాబ్ మాస్టారు:
ఇంకేమీ తీయకు. సెట్టింగ్స్‌లో కొత్త యూజర్‌ని సృష్టించి అందులో లాగిన్ అయి చూడు. అక్కడ రంగులు సరిగా ఉంటే తేడా నీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్నట్టు. అక్కడ కూడా అలాగే ఉంటే వేరుశోధన గారు చెప్పినట్టు ప్యాకేజీ వెతుకు.

కొత్తపెన్సిల్:
కొత్త యూజర్‌లో బాగానే ఉంది సార్. నా కాన్ఫిగ్‌లో జీటీకే-3.0, జీటీకే-4.0 రెండు ఫోల్డర్లలోనూ కలర్స్.సీఎస్‌ఎస్ కనిపించింది. పేర్లు మార్చి పక్కన పెట్టి మళ్లీ లాగిన్ అయ్యాను. పోయింది.

వేరుశోధన:
హిస్టరీ.లాగ్‌లోంచి నువ్వు తీసుకున్న పేర్లు ఇక్కడ పెట్టకు తమ్ముడూ, ఎవరైనా కాపీ కొట్టేస్తారు. చేసిన వరుస మాత్రం రాయి.