అప్‌డేట్: సెల్లారులో కారు చార్జర్ సంగతి

హనుమకొండలోని మా అపార్ట్‌మెంట్ సెల్లారులో విద్యుత్ కారుకు చార్జర్ పెట్టుకోనివ్వడం లేదని, దానికి సబ్సిడీ ఏమైనా వస్తుందా అని పోయిన నెల అడిగాను కదా. చార్జర్ గోడెక్కింది, సబ్సిడీ రాలేదు.

విద్యుత్ వాహనాలను ప్రోత్సహించే కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో చార్జింగ్‌కు కేటాయించిన 2,000 కోట్ల రూపాయలు ప్రజలందరూ వాడుకునే కేంద్రాలకే. సొంత పార్కింగులో తగిలించుకునే పెట్టెకు పైసా రాదు. రాష్ట్రం ఇచ్చేది బండి మీదే: 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు. అది కారు కొన్నప్పుడే కలిసొచ్చింది.

సొసైటీని మెత్తబరిచింది మీలో ఒకరు చెప్పిన 2024 సెప్టెంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు. ఇంటికున్న కనెక్షన్‌తోనే బండి చార్జింగ్ చేసుకోవచ్చని వాటిలో ఉంది. ప్రింటు తీసి అధ్యక్షుడి గారి చేతిలో పెట్టాను. ఇన్నాళ్లూ అగ్నిప్రమాదం అంటూ వచ్చిన ఆయన అసలు భయం ఉమ్మడి మీటరు బిల్లట! నా మీటరు నుంచే తీగ లాగుతానని రాసిచ్చాక సంతకం చేశారు. మీటర్లన్నీ సెల్లారులోనే ఉండటం నా అదృష్టం, కేబుల్ ఖర్చు తగ్గింది. ఎర్తింగ్ మాత్రం కొత్తగా వేయించాను.

చార్జర్ 7.4 కిలోవాట్లది కాబట్టి నా కనెక్షన్‌కు మంజూరైన లోడు (ఒకేసారి వాడుకోగల విద్యుత్ పరిమితి) పెంచమని దరఖాస్తు చేశాను. అది మంజూరయ్యేదాకా మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుతో రాత్రంతా చార్జింగ్ పెడుతున్నాను.