స్వతంత్ర బ్లాగులను పరిచయం చేసే కొత్త యాప్: తెలుగు పాఠకులుగా ఏమని అభిప్రాయం పంపాలి?

ప్రశ్న

ఏ సంస్థతోనూ సంబంధం లేకుండా సొంత బ్లాగుల్లోనూ చిన్న సైట్లలోనూ రాసేవారి రచనలను వెతికి చూపించే కొత్త యాప్ ఒకటి పరీక్షా దశలో ఉంది. ఆంగ్లంతో మొదలుపెట్టిన తయారీదారులు ఇటీవల తెలుగును కూడా చేర్చి, వాడి చూసినవారిని అభిప్రాయాలు పంపమని కోరారు. యాప్ తెరవగానే ఒక టపా (బ్లాగులో రాసిన ఒక రచన) కనిపిస్తుంది. నచ్చితే చదువుతాము, లేకపోతే పక్కకు జరిపి ఇంకొకటి చూస్తాము. ప్రకటనలు లేవు, ఖాతా తెరవకుండానే చదువుకోవచ్చు. ఈ రెండూ నాకు ఎంతో నచ్చాయి.

ఇబ్బంది అంతా తెలుగు విభాగంలోనే ఉంది. గత నెల రోజుల్లో వెలువడిన టపాలను మాత్రమే యాప్ చూపిస్తోంది కాబట్టి నాకు మళ్లీ మళ్లీ అవే కొద్ది బ్లాగులు ఎదురవుతున్నాయి. వాటిలోనూ కొన్ని, సినిమా వార్తలనూ ఉద్యోగ ప్రకటనలనూ మరోచోటి నుంచి తెచ్చి అతికించిన సైట్లు. పుస్తకాల గురించి, ఊళ్ల చరిత్ర గురించి, వంటల గురించి ఏళ్ల తరబడి శ్రద్ధగా రాసిన బ్లాగులు ఒక్కటీ కనిపించలేదు. పైగా వెతుకు పెట్టెలో ‘గోదావరి’ అని ఇస్తే వచ్చే టపాలు ‘గోదావరిలో’ అని ఇస్తే రావడం లేదు.

పంపబోయే అభిప్రాయంలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పగలరా? దాన్ని చదివి వారు వెంటనే పని మొదలుపెట్టగలిగేంత వివరంగా రాయాలని నా కోరిక.

జవాబు 1 (పాత బ్లాగరి)

అన్నిటికంటే ముందు పాత టపాల సంగతి రాయండి. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు (పలు బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపించే సైట్లు) జోరుగా నడిచిన రోజుల్లో కొత్త టపా జాబితా పైకి చేరేది, పాతది కిందికి జారిపోయేది. రోజూ వచ్చి చూసే అలవాటు ఉన్న పాఠకులకు ఆ పద్ధతి సరిపోయింది. కాని టపా ఆయుష్షు మొదటి పేజీలో ఉన్నంతసేపే అన్న భావన రాసేవారిలో బలపడి, నెలల తరబడి సేకరించి రాసిన వ్యాసం కన్నా అప్పటికప్పుడు రాజుకున్న వివాదం మీద రాసిన నాలుగు వాక్యాలకే ఎక్కువ మంది వచ్చేవారు. ఈ సంగతి ఆనాటి బ్లాగరులందరికీ తెలుసు.

తర్వాత రాసేవారిలో చాలామంది ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. 2013 జులై 1న నచ్చిన బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ మూతపడటంతో ఫీడ్ల (బ్లాగు తన తాజా టపాలను ఇతర యాప్‌లు చదువుకునేలా అందించే జాబితాల) ద్వారా చదివే అలవాటు కూడా ఎంతోమందిలో తగ్గిపోయింది. బ్లాగులు మాత్రం చాలావరకు ఉన్నచోటనే ఉన్నాయి. లేనిదల్లా వాటి దగ్గరకు తీసుకువెళ్లే దారి. ఆంగ్లంలో ఈ నెల టపాలకే పరిమితమైనా పాఠకుడికి తరగనంత దొరుకుతుంది. తెలుగులో అదే నియమం పెడితే ఉన్న సంపదలో అధిక భాగానికి తలుపు మూసినట్లే. ఊరి చెరువు చరిత్ర గాని, మాగాయ పెట్టే పద్ధతి గాని పదిహేనేళ్ల కిందట రాసినంత మాత్రాన పాతబడవు. కాబట్టి చూపించే టపాల్లో కనీసం సగం పాతవి ఉండాలని, ప్రతి టపా పైన అది రాసిన సంవత్సరం స్పష్టంగా కనిపించాలని అడగండి. ఒక జాగ్రత్త కూడా చెప్పండి: సొంత డొమైన్ గడువు తీరిపోయిన కొన్ని చిరునామాలను ఇతరులు కొనుక్కుని జూదం ప్రకటనలతో నింపారు. అటువంటివాటిని ముందే తనిఖీ చేసి తొలగించకపోతే కొత్త పాఠకుడు మొదటి రోజే వెనుదిరుగుతాడు.

జవాబు 2 (సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నవారు)

పాత టపాలు ఎందుకు రావడం లేదో సాంకేతికంగా కూడా రాస్తే తయారీదారులకు ఉపయోగపడుతుంది. ఇటువంటి యాప్‌లు సాధారణంగా బ్లాగు ఫీడ్‌ను చదివి టపాలను తెచ్చుకుంటాయి. రచయిత ప్రత్యేకంగా మార్చకపోతే వర్డ్‌ప్రెస్ ఫీడ్‌లో తాజా 10 టపాలు, బ్లాగర్ ఫీడ్‌లో తాజా 25 టపాలు మాత్రమే ఉంటాయి. అంటే నెల రోజుల నియమం సడలించినా, ఫీడ్ మొదటి పుట ఒక్కటే చదివే యాప్‌కు 300 టపాలు ఉన్న బ్లాగులో తాజా పాతికకు మించి తెలిసే అవకాశం లేదు. దీనికి మార్గం ఉంది. బ్లాగర్ ఫీడ్ చిరునామా చివర ఎన్నో టపా నుంచి మొదలుపెట్టాలో, ఎన్ని కావాలో సూచిస్తే వెనుకటివి కూడా వస్తాయి. వర్డ్‌ప్రెస్ ఫీడ్‌ను పుటల వారీగా అడగవచ్చు. సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల చిరునామాల పట్టిక) ఉన్నచోట పని ఇంకా సులువు. ఒక్కసారి, నెమ్మదిగా, యంత్రాలు సైట్‌లో ఏమేం చదవవచ్చో తెలిపే ఫైలైన రోబోట్స్.టీఎక్స్‌టీలో రచయిత పెట్టిన ఆంక్షలను గౌరవిస్తూ ఈ సేకరణ చేస్తే చాలు.

వెతుకులాట విషయంలో మీరు గమనించినది సరైనదే, కాని సమస్య విభక్తులతో ఆగదు. ‘పుస్తకం’ అని వెతికినవారికి ‘పుస్తకాలు’, ‘పుస్తకాన్ని’, ‘పుస్తకంలో’ అన్న రూపాలున్న టపాలు కూడా రావాలి. దానితోపాటు కంటికి కనిపించని మరో చిక్కు ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఉండటానికి యూనికోడ్‌లోని శూన్య వెడల్పు విభాజకాన్ని వాడతాము. కొందరు దాన్ని వాడతారు, కొందరు వాడరు. యాప్ ఈ రెండు రూపాలనూ వేర్వేరు మాటలుగా భావిస్తే ఫలితాల్లో కొంత భాగం ఎప్పటికీ దొరకదు. వెతికేటప్పుడు ఆ విభాజకాన్ని పట్టించుకోకుండా వదిలేయమని రాయండి; అది పెద్ద పనేమీ కాదు.

భాష గుర్తింపును బ్లాగుకు కాకుండా టపాకు వర్తింపజేయాలి. మన బ్లాగరుల్లో అనేకులు ఒకే బ్లాగులో తెలుగులోనూ ఆంగ్లంలోనూ రాస్తారు.

జవాబు 3 (పాఠకురాలు)

పైన రాసిన ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే పాత టపాలన్నిటినీ యంత్రం చేత పోగు చేయించి యాదృచ్ఛికంగా చూపిస్తే మేలు జరుగుతుందని నేను నమ్మడం లేదు. ఏది చదవదగినదో చెప్పే మనుషులు కావాలి. 2022లో ఫిల్ గైఫర్డ్ ప్రారంభించిన ఊ.డైరెక్టరీ అనే సైట్‌లో బ్లాగులను మనిషే చూసి, విషయాల వారీగా అమరుస్తున్నారు. 2023లో కాగీ అనే సెర్చ్ సంస్థ తెచ్చిన, చిన్న సైట్ల టపాలను చూపించే స్మాల్ వెబ్‌లో ఏయే సైట్లు ఉన్నాయో ఆ జాబితాను ఎవరైనా చూడవచ్చు, కొత్తవి సూచించవచ్చు. తెలుగు విభాగానికి ఈ రెండు పద్ధతులూ కావాలి. ఒక బ్లాగును సూచించే పాఠకుడు అందులో ముందుగా ఏ టపా చదవాలో, ఎందుకు చదవాలో ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. మీరు చెప్పిన అతుకుల సైట్లు ఆ దశలోనే ఆగిపోతాయి.

రెండో విషయం, యాప్ టపాను తన సొంత తెరలో, తన సొంత అక్షరాల్లో చూపించడం నాకు సమ్మతం కాదు. చదవడానికి హాయిగా ఉండవచ్చు గాని, బ్లాగు పక్కపట్టీలో రచయిత పెట్టుకున్న ‘నేను చదివే బ్లాగులు’ జాబితా అక్కడ కనిపించదు, టపా కింద జరిగిన చర్చ కనిపించదు. నేను ఇష్టంగా చదివే రచయితల్లో ఎక్కువ మంది నాకు ఆ జాబితాల ద్వారానే పరిచయమయ్యారు. మంచి వ్యాఖ్యాత ఒకరు టపా కన్నా విలువైన సమాచారం చేర్చిన సందర్భాలు తెలుగు బ్లాగుల్లో కోకొల్లలు. యాప్ మొదటి పేరా చూపించి, నేరుగా రచయిత పేజీకే పంపాలి.

ఇంకొక సందేహం ఉంది, దానికి నా దగ్గర తేలికైన పరిష్కారం లేదు. పదిహేనేళ్ల కిందట పరిచయస్తులైన యాభై మంది చదువుతారనుకుని తన ఇంటి సంగతులు రాసుకున్న వ్యక్తి, ఇప్పుడు ఆ టపా వేల మంది ముందుకు రావడాన్ని కోరుకోకపోవచ్చు. వారిని అడుగుదామంటే చాలా బ్లాగుల్లో ఇచ్చిన ఈమెయిల్ చిరునామాలు పనిచేయవు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాత టపాలనూ వాటిని తెచ్చుకునే పద్ధతినీ మొదటి అంశంగా, పాఠకుల సిఫారసును రెండో అంశంగా, వెతుకులాటను మూడో అంశంగా రాస్తాను. పక్కపట్టీ మాట నాకు అసలు తట్టలేదు. రచయిత పేజీకే పంపాలన్న షరతును కూడా గట్టిగానే చేరుస్తాను.

అనుమతి గురించి నా ప్రతిపాదన ఇది. పుస్తకాలు, చరిత్ర, శాస్త్రం, వంట, ప్రయాణం వంటి విషయాల మీద రాసిన పాత టపాలను నేరుగా చేర్చవచ్చు. సొంత జీవితం గురించి రాసినవాటిని మాత్రం రచయిత సమ్మతి దొరికిన తర్వాతనే చేర్చాలి. ఈమెయిల్ పనిచేయకపోతే ఆ బ్లాగులోనే వ్యాఖ్య రాసి వేచి ఉండాలి, జవాబు రాకపోతే వదిలేయాలి. దీనివల్ల కొన్ని మంచి టపాలు పాఠకులకు చేరకపోవచ్చు, అయినా అదే న్యాయమని నాకు అనిపిస్తోంది. మీకు అభ్యంతరం ఉంటే, ముఖ్యంగా మూడో జవాబు రాసినవారు, లేఖ పంపేలోగా తెలియజేయండి. ముసాయిదాను ఇక్కడే ఉంచుతాను.