చిన్నప్పటి స్పోర్ట్స్ కార్ల పిచ్చితో పాత కార్ల షెడ్డు పెడదామనుకుంటున్నా, మన గోదావరి వైపు నడుస్తుందా?

పాలకొల్లు కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. నాకు 34 ఏళ్లు, పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల ఏరియేటర్లు, డీజిల్ ఇంజిన్లు బాగుచేసే షాపు ఉంది, పదేళ్లుగా అదే పని. కానీ మనసంతా కార్ల మీదే. చిన్నప్పుడు ట్రంప్ కార్డుల్లో జాగ్వార్ ఈ-టైప్ కార్డు ఒకటి ఉండేది, అది అంచులు చిరిగి బొమ్మ చెరిగిపోయేదాకా జేబులోనే పెట్టుకుని తిరిగాను. బడికెళ్లే దారిలో రైస్ మిల్లు వాళ్ల పాకలో రెండు డోర్ల స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, దాని బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి లేచిపోతే ఇంజిను, ముందు చక్రాలు మొత్తం కనపడేవి, అది చూస్తా నిలబడి ఎన్నిసార్లు ప్రేయర్ బెల్లు పోగొట్టుకున్నానో.

ఇప్పుడు ఆ హెరాల్డే అమ్ముతున్నారండి. 1966 మోడల్, పదిహేనేళ్లుగా కదల్లేదు. నా ఆలోచన ఏంటంటే దాన్ని కొని, పైకప్పు ఎలాగూ బోల్టుల మీదే ఉంటుంది కాబట్టి తీసేసి, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లాగా టూ సీటర్ చేసి, దాన్నే చూపించి షెడ్డు మొదలెడదామని. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ కూడా హెరాల్డ్ ఛాసిస్‌ని, అంటే అడుగు ఫ్రేముని, పొట్టి చేసి కట్టిందే కదా, రెండింటికీ బొమ్మ గీసింది కూడా ఇటలీ డిజైనర్ మికెలోటీయే. ఇంట్లో రెండేళ్లు టైమిచ్చారు. షాపు మూసేసి దిగిపోనా? తెలిసినవాళ్లు చెప్పండి.

గూడెం టింకరింగ్:
తమ్ముడూ, తాడేపల్లిగూడెంలో 22 ఏళ్లుగా టింకరింగ్ చేస్తన్నాను. ఇంజిను గొడవ వదిలెయ్, అది నీ చేతిలో పనే. మన దగ్గర కారుని తినేసేది తుప్పు. ఉప్పు గాలి, పక్కనే చెరువులు, ఏడాదిలో సగం తడి.

చూడ్డానికెళ్లేటప్పుడు అయస్కాంతం ఒకటి పల్చటి గుడ్డలో చుట్టి పట్టుకెళ్లు, డోర్ల కింద అంచమ్మట జరుపుకుంటా రా, ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ పుట్టీ, అంటే రేకు గుంటలు పూడ్చే ముద్ద, మందంగా ఉన్నట్టే. హెరాల్డుకి ఛాసిస్ విడిగా ఉంటది, బాడీ ముక్కలు దాని మీద బోల్టులతో కూర్చుంటయ్, అంచేత కిందకి దూరి ఛాసిస్ నించి పక్కలకి చేతుల్లాగా వచ్చే ఇనుం ఉంటది చూడు, అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడు. టంగుమంటే పర్లేదు, మెత్తగా దిగిపోయిందంటే ఛాసిస్ పని మొత్తం ఉన్నట్టే, దాన్ని బట్టి రేటు అడుగు. ఒకసారి నా దగ్గరకో అంబాసిడర్ వచ్చింది, పైన పెయింట్ అద్దంలాగా ఉంది, డోరు కింద పెట్టె కోసి చెంచాతో గీకితే పొరలు పొరలుగా ఒండ్రు ఊడింది, 86 వరదలో మునిగిన బండంట. ఆ మట్టి వానొచ్చినప్పుడల్లా తడి పీల్చుకుని అన్నేళ్లూ లోపల్నించి రేకుని తింటానే ఉంది. ఆ వాసన నాకిప్పటికీ గుర్తే.

ముందు సీవోటూ వెల్డింగ్ మెషిన్ కొనుక్కో, మామూలు కడ్డీ ఆర్క్ వెల్డింగ్ పెడితే ఆ పల్చటి రేకు చిల్లులు పడిపోద్ది. ఇంకోటి, ఎన్‌సీ పెయింట్ (థిన్నర్ ఎగిరి ఆరే నైట్రోసెల్యులోజ్ పెయింట్) వానాకాలంలో కొట్టకు, థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు రేకు చల్లబడి గాల్లో తేమ పెయింట్ మీద చేరి తెల్లగా మబ్బు పట్టేస్తది. నేనైతే సంక్రాంతి దాటాకే స్ప్రే గన్ను పట్టుకుంటా.

పైకప్పు మాత్రం ముట్టుకోకు. మిగిలిన హెరాల్డులే తక్కువ.

అమలాపురం పద్మిని:
నేను పని చేసేవాణ్ణి కాదండి, చేయించుకున్నవాణ్ణి. మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఒక షెడ్డుకిచ్చాను, నాలుగు నెలలన్నారు, పద్నాలుగు నెలలు పట్టింది, అడిగినప్పుడల్లా "సామాను రావాలండి" అనేవారు, ఒక రోజు చెప్పకుండా వెళ్తే కారు లోపల కోళ్లు పడుకునున్నాయండి, నాన్నగారు కూర్చునే సీటు మీద. ఏడుపొచ్చింది నిజంగా. డబ్బులు పోయినందుక్కాదు, ఒక్క ఫోన్ చేసి ఇలా ఆగిందండి అని చెప్పలేదు.

మీరు షెడ్డు పెడితే దయచేసి మొత్తానికి ఒకటే రేటు చెప్పొద్దు. పెయింట్ గీకాక లోపల ఏముందో అప్పుడే కదా తెలిసేది. విప్పడానికింత, రేకు పనికింత, ఇంజినుకింత అని విడివిడిగా తీసుకోండి, ప్రతి ఆదివారం నాలుగు ఫోటోలు పెట్టండి, విప్పిన ప్రతి బోల్టూ డబ్బాలో వేసి పేరు రాసుకోండి. ఇలా చేసేవాళ్లుంటే నాలాంటి వాళ్లు వెతుక్కుంటూ వస్తారండి. మన వైపు పాత మిల్లుల్లో, పెద్దింటి పాకల్లో టార్పాలిన్ కింద ఇంకా బళ్లున్నాయి, ఎవరికివ్వాలో తెలీకే ఉంచేసుకున్నారు.

కాకినాడ తీరం:
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకి రూల్స్ తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ నించి 50 ఏళ్లు దాటితే వీఏ సిరీస్ నంబర్ తీసుకోవచ్చు, కొత్తగా అయితే 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. మీ హెరాల్డ్ ఆ లెక్కలోకొస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చకూడదు, అంటే టూ సీటర్ చేశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ నంబర్‌తో రోజూ తిరగడం గానీ పెళ్లిళ్లకి అద్దెకివ్వడం గానీ కుదరదు, ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, పెట్రోలు, రిపేర్లు అంతవరకే. ఆర్‌సీ ఒరిజినల్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

స్పోర్ట్స్ కారే కావాలంటే శాన్ స్టార్మ్ వెతకండి, గోవాలో తయారైన టూ సీటర్, బాడీ ఫైబర్‌గ్లాస్. మా తీరంలో ఫైబర్ పడవలు చేసే పనివాళ్లున్నారు, పగులు అతకడం వాళ్లకి రోజూ ఉండే పనే. రొయ్యల ఇంజిన్ల షాపు మాత్రం మూయకండి, షెడ్డు అద్దె అదే కట్టాలి కొన్నాళ్లు.

పాలకొల్లు కుర్రోడు:
అందరికీ చాలా థాంక్సండి. పైకప్పు ఆలోచన మానేశాను, అది నేను చూసిన హెరాల్డ్ లాగే ఉండాలి. షాపు పొద్దున నడుపుతా, మూడింటి తర్వాత కారు పని. గూడెం అన్నయ్యా, ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా, వీలైతే మీరూ రండి, అయస్కాంతం స్పీకర్లోంచి తీసి పెట్టుకున్నా.

గూడెం టింకరింగ్:
వస్తాలే. పాత బట్టలేసుకుని రా, కిందకి దూరాలి.