మలావీ నుంచి తిరిగి వచ్చాను, సంఘంలో ఏమని చెప్పాలి?

మాది హనుమకొండ. ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక పల్లెలో మూడేళ్లు మిషనరీగా పనిచేసి గత నెల ఇంటికి వచ్చాను. ఈ ఆదివారం చర్చిలో సాక్ష్యం, అంటే నా సేవ అనుభవం, చెప్పాలి. ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చానని అందరూ అడుగుతున్నారు. ఇద్దరికే.

చిచేవా భాష పట్టుబడేసరికే ఏడాదిన్నర గడిచింది. బైబిలు తరగతికి వచ్చేవారు వానలు పడగానే మొక్కజొన్న చేలకు వెళ్లి మళ్లీ రాలేదు. ఆ బాధ ఇంకా ఉంది. నాకు మలేరియా వచ్చినప్పుడు మాత్రం పొరుగింటి అవ్వ రోజూ గిన్నెలో వేడివేడి న్సిమా, అంటే మొక్కజొన్న సంకటి, తెచ్చి నేను తినేదాకా గడపలోనే కూర్చునేది. ఆమె ఏనాడూ ప్రార్థనకు రాలేదు. అయినా నాకు దక్కిన పెద్ద సంతోషం ఆమే.

తిరునల్వేలి ప్రాంతం నుంచి మన డోర్నకల్ వచ్చి 1912లో బిషప్ అయిన అజరయ్య గారికీ తొలినాళ్లలో ఇలాగే అనిపించి ఉంటుందా?

నెలనెలా వంద, రెండు వందలు దాచి నాకు పంపినవారి మనసు నొప్పించకుండా నిజం ఎలా చెప్పాలి? విదేశాల్లో సేవ చేసినవారు ఉంటే, మీరేమి చెప్పారో దయచేసి రాయండి.