అడ్మిన్ దారికి తాళం సర్వర్‌లో వేయాలా, అప్లికేషన్‌లో వేయాలా?

మద్దిలపాలెం సభ్యుడు:
మా సంస్థ వెబ్‌సైట్‌లో ‘/అడ్మిన్/’ దారి ఆఫీసు ఐపీకి (ఇంటర్నెట్ చిరునామాకు) మాత్రమే తెరుచుకునేలా ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో అలౌ (అనుమతి), డినై (నిరాకరణ) నియమాలు రాశాను. లాగిన్ ఉండగా రెండో తాళం ఎందుకని సహోద్యోగి అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

సీతమ్మధార సభ్యురాలు:
మీ సహోద్యోగి మాటే సరైనది. ఎవరికి ఏ అనుమతి ఉందో తెలిసేది అప్లికేషన్‌కే. ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఐపీ తరచూ మారుతుంది. పైగా అదే మెషీన్‌లో ముందు మరో ప్రాక్సీ (అభ్యర్థనలను అందుకుని సర్వర్‌కు పంపే మధ్యవర్తి) ఉంటే, ప్రతి అభ్యర్థనా 127.0.0.1 (ఆ మెషీన్ సొంత చిరునామా) నుంచే వచ్చినట్లు కనబడుతుంది కనుక, ఆ ఐపీని అనుమతిస్తే లోకమంతటికీ తలుపు తీసినట్టే.

గాజువాక సభ్యుడు:
ప్రాక్సీ విషయంలో మేడమ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. అయినా అప్లికేషన్ ఒక్కటే చాలునంటే నేను ఒప్పుకోలేను. నేను చూసుకునే ఒక కళాశాల సైట్‌లో విద్యార్థుల ఆధార్ ప్రతులు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండేవి. జాబితా పేజీకి లాగిన్ ఉంది కానీ, పీడీఎఫ్ చిరునామా నేరుగా అడిగితే ఎంజిన్‌ఎక్సే ఫైలు ఇచ్చేసేది. లాగిన్ చూసే అప్లికేషన్, అంటే పీహెచ్‌పీ ప్రోగ్రామ్ దాకా మాట వెళ్లేదే కాదు. చిరునామాలో చివరి అంకె మార్చితే వేరొక అమ్మాయి ఆధార్ తెరుచుకుందని ఒక తండ్రి ఫోన్ చేసిన సాయంత్రం నేను మరిచిపోలేదు. సెర్చ్ ఇంజిన్లు ఏ దారుల్లోకి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలులో ఆ ఫోల్డర్‌ను పెట్టాం కదా అన్నారు అక్కడివారు. ఆ ఫైలు ప్రవేశ నియంత్రణ కాదని 2022లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9309 స్పష్టంగా చెబుతోంది. పైగా అది దాచాల్సిన దారిని అందరికీ చూపిస్తుంది. చివరకు ఎంజిన్‌ఎక్స్‌లో ఆ ఫోల్డర్ లొకేషన్‌ను (ఒక దారికి నియమాలు రాసే బ్లాక్‌ను) ‘ఇంటర్నల్’, అంటే లోపలి వాడకానికి మాత్రమే, చేశాను. ఇప్పుడు బయటివారు అడిగితే 404 (దొరకలేదు) వస్తుంది. అప్లికేషన్ లాగిన్ చూసి ఫైలు పంపమని ఎంజిన్‌ఎక్స్‌కు చెప్పే ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ హెడర్ ఇస్తేనే ఫైలు కదులుతుంది.

మద్దిలపాలెం మిత్రమా, మీ సైట్ పీహెచ్‌పీ అయితే ఒకటి వెంటనే చూడండి. ‘.పీహెచ్‌పీ’తో ముగిసే చిరునామాలకు రెగెక్స్ (అక్షరాల నమూనాతో సరిపోల్చే) లొకేషన్ వేరుగా ఉంటే, ‘/అడ్మిన్/ఇండెక్స్.పీహెచ్‌పీ’ దానిలోకే పోతుంది, మీ డినై దానికి వర్తించదు. మీ లొకేషన్‌లో ‘/అడ్మిన్/’కు ముందు, రెగెక్స్‌లను చూడొద్దని చెప్పే ‘^~’ గుర్తు పెట్టండి; అయితే పీహెచ్‌పీ లొకేషన్‌ను ఆ బ్లాక్ లోపల కూడా రాయాలి, లేదంటే కోడ్ యథాతథంగా బయటికి వెళ్లిపోతుంది.

మద్దిలపాలెం సభ్యుడు:
ఆఫీసు ఐపీ కాని మొబైల్ డేటాతో కర్ల్ (కమాండ్‌తో పేజీని అడిగే సాధనం) కొట్టి చూశాను. ‘/అడ్మిన్/’కు 403 (అనుమతి లేదు) వచ్చింది, ఇండెక్స్ ఫైలు పేరు చేర్చి అడిగితే 200 (పేజీ తెరుచుకుంది) వచ్చింది. మీరు చెప్పినట్లే మార్చాక రెండింటికీ 403 వస్తోంది. లాగిన్ తనిఖీని అలాగే ఉంచాను.