ఆమ్లతా, ఆమ్లత్వమా, ఆమ్లబలమా?

అరసున్న:
ఎప్పుడో నోట్సులో రాసుకున్న వాక్యం పొద్దున్నుంచీ బుర్ర తింటోంది. "జియోలైట్‌లో అల్యూమినియం తగ్గిన కొద్దీ ఆమ్ల... పెరుగును." (జియోలైట్ అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ చట్రంగా అల్లుకున్న సన్నటి రంధ్రాల ఖనిజం.) ఆ చుక్కల చోట 'త' ఉందా, 'త్వం' ఉందా, 'బలం' ఉందా? ఎవరికైనా గుర్తుందా?

వలపలగిలక:
'త్వం'. సందేహమే లేదు. 'త' కొలతకు, 'త్వం' స్వభావానికి. సాంద్రత, స్నిగ్ధత, అన్నీ కొలిచేవే కదా.

శకటరేఫం:
గురుత్వం కొలవమా మరి? పాణిని ఆ రెండు ప్రత్యయాలనీ ఒకే సూత్రంలో చెప్పి ఊరుకున్నాడు. తేడా మీరు పెట్టుకున్నది.

బట్టీపట్టనివాడు:
అసలు పేచీ ప్రత్యయంలో లేదండీ. చట్రంలో సిలికాన్ ఉండాల్సిన చోట అల్యూమినియం కూర్చుంటే ఒక ధనావేశం తక్కువ పడుతుంది. ఆ లోటు సోడియం పూడుస్తుంది. సోడియం తీసి అమ్మోనియం పెట్టి, 500 డిగ్రీల దాకా వేడిచేస్తే అమ్మోనియా ఎగిరిపోయి, సిలికాన్‌కీ అల్యూమినియంకీ మధ్యనున్న ఆక్సిజన్ మీద ప్రోటాన్ మిగులుతుంది. ఉత్ప్రేరకంగా పనిచేసేది అదే. అంటే అల్యూమినియం తగ్గితే ప్రోటాన్ల లెక్క తగ్గాలి. కానీ చుట్టుపక్కల వేరే అల్యూమినియం లేని ప్రోటాన్ తేలిగ్గా ఊడొస్తుంది, అంటే బలం పెరుగుతుంది. పదిమంది మామూలు మనుషులా, ఇద్దరు పహిల్వాన్లా అన్నట్టు. 'ఆమ్లత్వం' అన్న ఒక్క మాటలో రెండూ ఇరికిస్తే వాక్యం ఒప్పూ అవుతుంది, తప్పూ అవుతుంది.

వలపలగిలక:
అయితే లెక్కకు 'ఆమ్లత', బలానికి 'ఆమ్లత్వం' అని పంచుకుంటే సరి!

శకటరేఫం:
పైన 'త్వం' స్వభావం అన్నారు, అప్పుడే బలం అయిందా :)

బట్టీపట్టనివాడు:
ఆ 'పెరుగును' కూడా కొంతవరకే. అల్యూమినియంలు ఒకదానికొకటి దూరమయ్యాక బలం ఇక పెరగదు. జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్‌లో హెక్సేన్ అనే హైడ్రోకార్బన్‌ను పగలగొట్టే వేగం అల్యూమినియం లెక్కతో సరళరేఖలో నడుస్తుందని 1984లోనే చూపించారు, అంటే అక్కడ ప్రోటాన్లన్నిటి బలమూ ఒకటే. ఇంకో మెలిక. ఆవిరి పట్టి అల్యూమినియం ఊడగొడితే, బయటపడ్డది లూయిస్ ఆమ్లంగా, అంటే ప్రోటాన్ ఇవ్వకుండా ఎలక్ట్రాన్ జంటను పుచ్చుకునేదిగా, మిగులుతుంది. పిరిడిన్ అనే క్షారం పట్టించి ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే బ్రాన్‌స్టెడ్‌ది (ప్రోటాన్ ఇచ్చే రకం) 1545 సెం.మీ.⁻¹ దగ్గర, లూయిస్‌ది 1450 దగ్గర కనిపిస్తాయి. మరి ఈ రెండో రకానికి ఏ ప్రత్యయం ఇస్తారు?

అరసున్న:
ఇన్నాళ్లూ 'జియో' అంటే భూమి అనుకున్నా, జియాలజీలో లాగా.

శకటరేఫం:
మన లిపి చేసిన మోసం అది. ఇక్కడి 'జియో' గ్రీకులో మరగడం. 1756లో స్వీడన్ ఖనిజశాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెట్ రాయిని కాలిస్తే ఆవిరి పొంగింది, 'మరిగే రాయి' అన్నాడు. మన 'జ'కి ఆ 'z' శబ్దం లేదు. చుక్క పెట్టి రాయాలని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా.

వలపలగిలక:
మళ్లీ మొదలు. సోడియం రూపమూ, హైడ్రోజన్ రూపమూ పక్కపక్కన పెడితే రెండూ తెల్లపొడే, పని చూస్తేనే తేడా. వేమన ఉప్పు, కప్పురం పద్యం ఇక్కడికి అచ్చంగా సరిపోతుంది. అందులో 'జాడ' అన్నది గుర్తా, దారా? నేను గుర్తనే అంటా.

శకటరేఫం:
దారి. దానికి వేరే చర్చ పెట్టండి, వస్తా.

అరసున్న:
నోట్సు దొరికింది! ఆ చోట "ఆ." అని పొట్టిగా రాసుకున్నా, అంతే.

వలపలగిలక:
'ఆ' తర్వాత ఉన్నది చుక్కా, సున్నా? ఫొటో పెట్టండి.